నా తల మీది సూత్రం

మదనపల్లె, పుంగనూరు, కుప్పం లెక్కల టీచర్ల సంఘానికి నన్ను అధ్యక్షుణ్ణి చేసిన కొత్తలో సభ పెట్టినాం. పైన ఒక సూత్రం, కింద మా ఫొటోలతో ఫ్లెక్సీ. ఎవరి ఫొటో పెద్దదని మా మేధావులు వారం రోజులు వాట్సాప్‌లో కొట్టుకున్నారు. “మా కుప్పమోళ్ళ మొగాలు యాల ఇంత చిన్నవి సార్?” అని ఒకాయన అలిగినాడు. నేను నా ఫొటో ఒక్కటే చూసుకుని ఓకే చెప్పినా. సభ రోజు అందరం దాని ముందర నిలబడి ఫొటో దిగినాం.

మరుసటి రోజు తొమ్మిదో తరగతిలో ఒక పాప, ఆ ఫొటో పడిన పేపరు పట్టుకుని లేచింది.

“సార్, (a+b)² కి 2ab రాయలేదని నాకు సున్నా ఏసినారు. ఈడ మీ తలకాయ పైన కూడా లేదు కదా సార్!”

క్లాసంతా నవ్వింది. అంతమంది లెక్కల పండితుల్లో ఒక్కడూ సూడలేదు, నాతో సహా.

ఆ సభలో కప్పిన శాలువా బీరువాలో ఉండాది. తీసినప్పుడల్లా ఆ పాప సున్నానే నాకు కప్పినట్టుంటాది.