టీచరుగారి తెర మీది బొమ్మలు

తెనాలిలో పెళ్లికార్డులూ కరపత్రాలూ వేసే ఒక ప్రెస్సులో నేను డీటీపీ చేస్తాను. చేరిన కొత్తలో, పని లేని మధ్యాహ్నాల్లో, డెస్క్‌టాప్ మీది బొమ్మలు మార్చుకుంటూ కూర్చునేదాన్ని. ఫోల్డర్లన్నీ ఒకే పసుపుపచ్చ రంగులో, ఒకే ఆకారంలో ఉంటాయి కదా. పెళ్లికార్డుల ఫోల్డరుకు మామిడాకు పెట్టాను. పెద్దకర్మ పత్రికలకు చిన్న దీపం. అక్షరాలు దిద్దే ప్రోగ్రాముకు మల్లెమొగ్గ. నేను సెలవు పెట్టిన రోజున మా ఓనరుగారు ఏదో ఫైలు కోసం నా సిస్టం తెరిచారట. మర్నాడు, "ఏంటమ్మా ఈ బొమ్మల కొలువు? ఫైలు వెతుక్కోవాలా, తోటలో తిరగాలా?" అన్నారు. తీసెయ్యమని మాత్రం అనలేదు.

అది ఒకరికి పనికొచ్చే విద్య అని నాకప్పుడు తెలియదు.

నేను చదువుకున్నది బాపట్లలో. హైస్కూల్లో మాకు తెలుగు చెప్పిన టీచరుగారు ప్రతి సోమవారం పిల్లలందర్నీ ఇంటినుంచి ఒక మాట తెమ్మనేవారు. పుస్తకాల్లో లేని మాట, ఇంట్లో పెద్దవాళ్ల నోట వినిపించే మాట. చేపలవాళ్ల పిల్లలు గాలుల పేర్లు తెచ్చేవాళ్లు. ఈపురుపాలెం నుంచి బస్సులో వచ్చే అమ్మాయి మగ్గం మాటలు తెచ్చేది. నేనొకసారి మా అమ్మమ్మ దగ్గర్నుంచి 'నీరెండ' తీసుకెళ్లాను. ఆవిడ దాన్ని బోర్డు మీద రాసి, సుద్దముక్క చేతిలో పట్టుకుని, కాసేపు దాని వంకే చూస్తూ నిలబడ్డారు. కిటికీలోంచి నిజంగానే ఆ ఎండ బోర్డు మీద పడుతోంది. ఆ రోజు పాఠం జరిగిందో లేదో నాకు గుర్తులేదు.

రిటైరయ్యాక ఆవిడ రేపల్లెలో చెల్లెలి దగ్గర ఉంటున్నారు. ఇద్దరూ పెళ్లి చేసుకోలేదు. చెల్లెలు నర్సుగా చేసి మానేశారు. టీచరుగారు అరవై దాటాక కంప్యూటరు కొని, టైపు నేర్చుకుని, ఇన్నేళ్లూ పోగుచేసిన మాటలన్నీ అందులోకి ఎక్కించారు. చేపలకొక ఫోల్డరు, వానలకొకటి, మగ్గానికొకటి, వంటింటికొకటి. అలా ముప్పై దాకా ఉన్నాయి. ఒక్కో మాటకూ ఎవరు చెప్పారో, ఏ సందర్భంలో అన్నారో కూడా రాసుకున్నారు. టైపులో సందేహాలొస్తే నాకు ఫోన్ చేసేవారు.

ఒక ఏడాది వానాకాలం మొదట్లో ఆ ఫోన్లు ఆగిపోయాయి. నేనే చేస్తే చెల్లెలుగారు ఎత్తారు. "అక్కకి తలలో చిన్న నరం మూసుకుపోయిందమ్మా. ప్రాణానికేం ఫర్వాలేదు. మాట బాగుంది, చెయ్యీ కాలూ బాగున్నాయి. చదవడం ఒక్కటే పోయింది" అన్నారు.

చదవడం ఒక్కటే పోవడమేమిటో నాకు అర్థం కాలేదు. ఆ ఆదివారం పొద్దున్నే రేపల్లె పాసింజరు ఎక్కాను. వేమూరు దాటాక రైలు మెల్లగా పోతుంది. రెండు వైపులా నాట్లు వేసిన పొలాల్లో నీళ్లు నిలిచి, వాటిలో మబ్బులు కదులుతున్నాయి. రైలు నేల మీద కాకుండా ఆకాశంలోనే పోతున్నట్టు అనిపించింది. భట్టిప్రోలులో ఆగినప్పుడు కిందికి దిగితే కాళ్లు మబ్బుల్లో పడతాయేమో అన్నంత మగతగా ఉంది.

టీచరుగారు కిటికీ పక్కన కుర్చీలో ఉన్నారు. చెల్లెలుగారు చర్చికి వెళ్లారు. టీచరుగారు నన్ను చూడగానే పోల్చుకుని నవ్వారు. కాగితం తీసుకుని, పాత అందమైన దస్తూరీలోనే గబగబా ఒక వాక్యం రాసి నా చేతికిచ్చారు.

"చదువమ్మాయ్."

"'వాన వెలిసింది. కాలవ గట్టు మీద ఎవరో నడుస్తున్నారు'" అని చదివాను.

"అదే రాశానా?"

"అదేనండి."

ఆవిడ కాగితం వెనక్కి తీసుకుని, దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని చూశారు. "రాసేటప్పుడు తెలుస్తుంది. రాసి చెయ్యి తీశాక నాది కాదు. నీళ్ల అడుగున ఏవో ఉన్నట్టుంటాయి. ఉన్నాయని తెలుసు, ఏంటో తెలియదు."

గోడ మీది క్యాలెండరులో పడవను చూసి పడవ అన్నారు. కిటికీలోంచి గోరింకను చూసి గోరింక అన్నారు. అక్షరాలు మాత్రమే ఆవిణ్ణి వదిలిపోయాయి. కుడివైపు చూపు కూడా కొంత పోయిందని, అటు పెట్టిన గ్లాసు తగిలి పడిపోతుంటుందని తర్వాత తెలిసింది.

కంప్యూటరు మీద గుడ్డ కప్పి ఉంది. "తీసి చూడొచ్చా అండి?" అన్నాను.

"చూడు. నాకక్కడ ముప్పై పచ్చసంచులు కనిపిస్తాయి. ఏ సంచిలో ఏముందో దేవుడికి తెలియాలి."

ఆ మాట వినగానే నాకు మా ప్రెస్సులోని మామిడాకు గుర్తొచ్చింది.

తర్వాతి ఆదివారం నెట్లో దొరికిన బొమ్మలు కొన్ని పెన్‌డ్రైవులో తీసుకెళ్లాను. చేపల ఫోల్డరు మీద రైట్ క్లిక్ కొట్టి, ప్రాపర్టీస్‌లోకి వెళ్లి, ఐకాన్ మార్చే చోట నీలంరంగు చేప బొమ్మను ఎంచాను. పచ్చసంచి పోయి చేప వచ్చింది. ఆవిడ ముందుకు వంగి చూశారు.

"ఇది ఏ ఊరి చేప?"

"ఊరికే చేపండి."

"ఊరికే చేప ఎక్కడైనా ఉంటుందా అమ్మాయ్? కొర్రమట్టా? బొమ్మిడాయా? మన కాలవల్లో ఇట్లాంటిది నేనెప్పుడూ చూళ్లేదు."

ఆవిడే పెన్సిల్ అడిగారు. చెయ్యి బాగానే ఉంది కాబట్టి బొమ్మ వేయడానికి ఇబ్బందేమీ లేదు. బుర్ర పెద్దగా, ఒంటి మీద మచ్చలతో, బురదలో కాస్త వంకరగా తిరిగిన కొర్రమట్ట వేశారు. దాన్ని నేను ఫోన్లో ఫొటో తీసి, తెనాలి తీసుకొచ్చి, చుట్టూ ఉన్న తెలుపంతా చెరిపి, ఐకాన్ కింద మార్చాను. బాగా చిన్నదైనా పోలిక పోకుండా మచ్చల్లో కొన్ని తీసేయాల్సి వచ్చింది. మరుసటి వారం అది తెర మీదికి రాగానే ఆవిడ, "వచ్చావా" అన్నారు, ఇంటికొచ్చిన మనిషిని పలకరించినట్టు.

ఆ తర్వాత నాలుగు నెలలు నా ఆదివారాలు అలాగే గడిచాయి. నేను ఫోల్డరు పేరు చదివేదాన్ని. ఆవిడ కళ్లు మూసుకుని కాసేపు ఆలోచించి బొమ్మ వేసేవారు. వానల ఫోల్డరుకు మేఘం వేస్తారనుకున్నాను, చూరు కింద పెట్టిన చెంబు వేశారు. వంటింటికి కవ్వం. మగ్గానికి, దారాన్ని అటూ ఇటూ తీసుకెళ్లే నాడె వేసి, "దారం కనిపించేట్టు ఉంచు, దారం లేకపోతే అది పడవ అయిపోద్ది" అన్నారు. కుడివైపు ఆవిడకు కనిపించదు కాబట్టి బొమ్మలన్నీ తెరకు ఎడమ పక్కనే సర్దాను. కుడిపక్కంతా ఖాళీగా, నీళ్లు నిండిన చెరువులా ఉండేది.

బొమ్మ నొక్కితే ఫోల్డరు తెరుచుకుంటుంది, సరే. లోపలున్నది చదవడమెట్లా? కంప్యూటరే చదివే ఏర్పాటు ఒకటి పెట్టి చూశాను. ఆ గొంతు 'పైరగాలి'ని పలికిన తీరుకు ఆవిడ పైటకొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వారు. "ఎవరో నిన్నగాక మొన్న తెలుగు నేర్చుకున్నట్టున్నాడు, పాపం." చివరికి నేనే ఒక్కో ఫైలు చదివి, నా గొంతు రికార్డు చేసి లోపల పెట్టాను. వారమంతా ఆవిడ ఒక్కరే కూర్చుని కొర్రమట్ట మీద నొక్కి చేపల పేర్లు, చెంబు మీద నొక్కి వానల పేర్లు వినేవారు. "అక్క రోజంతా నీతోనే ఉంటోంది" అని చెల్లెలుగారు ఫోన్లో అంటే నాకు సిగ్గేసింది. ప్రెస్సులో ఎవరి శుభలేఖో కంపోజ్ చేస్తూ, ఇదే సమయంలో రేపల్లెలో నా గొంతు ముసురు, జల్లు, తుంపర అంటూ మాటలు చెబుతోంది కదా అనుకుంటే నేను రెండు చోట్ల ఉన్నట్టు ఉండేది. కీబోర్డు మీద చేతులు వాటంతటవే ఆగిపోయేవి.

ఆ తర్వాత నేను చేసిన తప్పు గురించి చెప్పాలి.

క్రిస్మస్ ముందు ఆదివారం, ఆవిడ కంప్యూటరు నెమ్మదించిందని చెల్లెలుగారంటే, అక్కర్లేనివన్నీ తీసేసి శుభ్రం చేశాను. బొమ్మల ఫైళ్లు ఎక్కడెక్కడో చెల్లాచెదురుగా ఉన్నాయని వాటన్నిటినీ కలిపి వేరే డ్రైవులోకి మార్చాను. అలా మారిస్తే ఫోల్డర్లకు తమ బొమ్మ ఎక్కడుందో తెలియదని నాకు తట్టలేదు. ఆపి మళ్లీ పెట్టేదాకా కంప్యూటరు పాత బొమ్మలనే చూపిస్తుంది కాబట్టి, అప్పటికి తెర మీద అన్నీ సరిగ్గానే కనిపించాయి. సాయంత్రం రైలుకు వచ్చేశాను.

మర్నాడు పదకొండింటికి చెల్లెలుగారు ఫోన్ చేశారు.

"అమ్మా, పొద్దున కంప్యూటరు పెట్టుకుంది. బొమ్మలన్నీ పోయినయ్యంట. మళ్లీ నరం మూసుకుపోయిందేమోనని భయపడతా ఉంది. ఆస్పత్రికి పోదామంటే కుర్చీలోంచి లేవటం లేదు. తెర మీద చెయ్యి పెట్టి ఏడుస్తా కూర్చుంది."

నాకు వెంటనే అర్థమైంది. "కళ్లకేం కాలేదండి, అది నా వల్లే జరిగింది, ఆవిడకి చెప్పండి" అన్నాను. చెప్పారట. ఆవిడ వినిపించుకోలేదట. ఓనరుగారికి చెప్పి బస్సెక్కాను. దారంతా నాకు కనిపించింది ఒకటే. అక్షరాలు పోయాక బొమ్మలు మిగిలాయి అనుకున్న మనిషికి, ఒక ఉదయం బొమ్మలు కూడా లేకపోవడం. నా చేతులతో నేనే వాటిని తీసుకెళ్లి ఎక్కడో పెట్టి రావడం. బస్సు కిటికీ అవతల కోసిన వరి పనలు వరుసలు వరుసలుగా పొలాల్లో పడుకుని ఉన్నాయి. ఎంత దూరం పోయినా అవే.

నేను వెళ్లేసరికి టీచరుగారు కంప్యూటరు ముందే ఉన్నారు. కళ్లు ఎర్రబడి ఉన్నాయి, ఏడుపు మాత్రం లేదు.

"తప్పు నాదండి. మీ కళ్లు బానే ఉన్నాయి. నేనే బొమ్మల చోటు మార్చేశాను" అన్నాను.

"తెలిసింది. క్యాలెండరు చూసుకున్నా. పడవ పడవలానే ఉంది." ఆవిడ నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నారు. "నువ్వు దిగులుపడకు. ముందు ఇది చూడు."

తెర మీద అన్నిటికంటే పైనున్న పచ్చసంచి దగ్గరికి చూపుడువేలు తీసుకెళ్లారు. దాని కిందున్న పేరు మీద, పలక మీద పిల్లలు దిద్దినట్టు, వేలితో నెమ్మదిగా దిద్దారు. వేలు మొదటి అక్షరం ఒంపు తిరిగింది. పైన ఏత్వం పెట్టింది. ఆగింది. "చే" అన్నారు. మళ్లీ దిద్దారు. "ప." చాలాసేపటికి, "లు."

"కంటికి తెలియటం లేదమ్మాయ్. వేలికి తెలుస్తోంది."

తలుపు దగ్గర చెల్లెలుగారు చేతిలో కాఫీ గ్లాసులతో అలాగే నిలబడిపోయారు.

టీచరుగారు మాత్రం, "అయినా నమ్మకం లేదు. మొదటి సంచి చేపలదేనని నాకు గుర్తుంది. చదివి చెప్పానో, గుర్తుండి చెప్పానో. నువ్వొకటి కొత్తది పెట్టు. నాకు చెప్పకు" అన్నారు.

కొత్త ఫోల్డరు తెరిచి, మనసుకు తోచిన మాట టైపు చేసి, అక్షరాలు పెద్దవి చేసి, తెరను ఆవిడ ముందుకు జరిపాను. వేలు తెర మీద కదలడం మొదలుపెట్టింది. ఒక అక్షరాన్ని మూడుసార్లు దిద్దారు, తప్పు పలికారు, తల అడ్డంగా ఊపి మళ్లీ మొదటికొచ్చారు. నేను ఆ వేలినే చూస్తున్నాను. బయట ఎండ కిటికీ చువ్వల మీంచి మెల్లగా కిందికి దిగుతోంది. ఎంతసేపు గడిచిందో తెలియదు.

"గొ... డు... గు." ఆవిడ నా వైపు తిరిగారు. "గొడుగేనా?"

"గొడుగేనండి."

ఆవిడ నవ్వలేదు, ఏడవలేదు. వెనక్కి ఆనుకుని, వేలిని ఇంకో చేత్తో పట్టుకుని, చాలాసేపు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.

ఆ సాయంత్రమే బొమ్మలన్నీ మళ్లీ వాటి చోట్లకు చేర్చాను. చెంబు, కవ్వం, నాడె ఒక్కొక్కటే వచ్చి ఎడమపక్క కూర్చున్నాయి. కొర్రమట్ట దగ్గరికి వచ్చేసరికి ఆవిడ ఆపారు. "దాన్ని అట్లా వదిలెయ్యి. గొడుక్కీ ఏం పెట్టబాక. ఆ రెండూ నేను చదువుకుంటా."

ఇది జరిగి మూడేళ్లవుతోంది. టీచరుగారికి చదువు మునుపటిలా రాలేదు, రాదని డాక్టరుగారు కూడా చెప్పారు. వేలితో ఒక పేజీ చదవడానికి పూటంతా పడుతుంది. ఆవిడకేం తొందర లేదు. ఒక్కో మాట దగ్గర అంతసేపు ఉండటం ఇదివరకెప్పుడూ కుదరలేదంటారు. పక్కనున్న నగరం అనే ఊరి నుంచి వచ్చి పాలు పోసే ఆవిడ చెప్పిన మాటలు ఈ మధ్య కొత్తగా చేరాయి. నేను నెలకు రెండు ఆదివారాలు వెళ్తున్నాను. తెర మీద బొమ్మ లేని ఫోల్డర్లు ఇప్పుడు తొమ్మిదికి చేరాయి. ఒక్కోటీ వేలికి బాగా అలవాటైనప్పుడు, దాని బొమ్మ తీసెయ్యమని ఆవిడే చెబుతారు. తీసిన బొమ్మల పెన్సిల్ కాగితాలు నా దగ్గరే, తెనాలిలో, ప్రెస్సు సొరుగులో ఉన్నాయి.

పోయిన వారం వెళ్లినప్పుడు కొత్త బొమ్మ ఒకటి ఇచ్చారు. మంచు పట్టిన ఉదయం, పొలం గట్టు, దాని మీద నడిచిపోతున్న మనిషి వీపు. ఇంత సన్నని గీతలు ఐకాన్‌లో కనిపించవని చెప్పాను.

"కనిపించకపోతే పోనీ, అది మంచు కదా" అన్నారు.

"ఏ ఫోల్డరుకండి?"

"ఇంకా లేదు. ముందు బొమ్మ పెట్టు. మాటలు నిదానంగా వస్తయ్."

కొత్త ఫోల్డరు చేసి, పేరు రాయకుండా, ఆ బొమ్మ పెట్టాను. నిజంగానే అందులో మనిషి సరిగ్గా కనిపించలేదు. లేత బూడిద రంగు మాత్రం కనిపించింది. ఆవిడ దాన్ని చూస్తూ, "ఇంకొంచెం ఎడంపక్కకి జరుపు" అన్నారు. జరిపాను.