బాబాయి గారి తర్వాత కోచ్ ఎవరు?

మా కొవ్వూరు ఫుట్‌బాల్ జట్టు కోచ్, మేమంతా బాబాయి గారని పిలుచుకునే పెద్దాయన, పోయిన నెలలో గుండెపోటుతో పోయారు. నేను వెల్డింగ్ షాపులో ఒక గేటుకి అతుకు పెడుతుండగా జట్టులో ఒకడి దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. మొదటి మాట, ఆయన పోయారని. రెండో మాట, "ఇక మనకి కోచ్ ఎవర్రా?" అని. ఒళ్లు మండిపోయింది. ఇంకా ఆయన్ని ఆసుపత్రి నుంచి కొవ్వూరు తీసుకురానే లేదు. ఫోన్ పెట్టేసి పని పూర్తి చేశాను. అతుకు వంకరగా వచ్చింది. అలాగే ఇచ్చేశాను.

తర్వాత ఆలోచిస్తే, ఆ ప్రశ్నకి కోపం తెచ్చుకోని మనిషి ఒక్కరే ఉండేవారు. అది ఆయనే.

నేను ఆడను, అరుస్తాను. మైదానం పక్కన గోదావరి గట్టు మీద నిలబడి అరిచే మా అందరికీ ఒక అలవాటు ఉంది. జట్టు ఓడిన సాయంత్రం టీ కొట్టు దగ్గర కూర్చుని కోచ్‌ని మార్చేస్తాం. వేరే ఊళ్లలో ఈ పని కోచ్ వెనకాల చేస్తారు. మా దగ్గర ఆయనా వచ్చి, తలకి చుట్టుకున్న తువ్వాలు విప్పి, బెంచీ దులుపుకుని మా మధ్యనే కూర్చునేవారు.

"ఎందాకా వచ్చిందిరా నా సంగతి?"

"సామర్లకోట ఆయన్ని తెద్దామనుకుంటున్నామండి."

"వాడా? అందర్నీ తెచ్చి గోల్ ముందు గోడ కట్టేస్తాడు. మీకు గోల్ పడదు, మీరూ వెయ్యరు. మ్యాచ్ చూస్తా నిద్దరోతారు. ఇంకెవరున్నారు?"

"కాకినాడ పీఈటీ మేష్టారండి."

"మంచోడే. వానొస్తే రాడు."

"అయితే మిమ్మల్నే ఉంచెయ్యమంటారా?"

"ఈ వారానికి ఉంచండి. అల్లం టీ చెప్పండి."

పెనాల్టీ చెడగొట్టిన కుర్రాణ్ణి ఆయన ఒక్క మాట అనేవారు కాదు. వాడితో పాటు వాడి ఇంటిదాకా నడిచేవారు, దారి పొడుగునా ఇంకేదో మాట్లాడుతూ. తిట్లన్నీ బంతి అడక్కుండా దాక్కున్నవాడికే. "నోరు తెరిచి అడగరా. నీకు కావాలని నీకే తెలియకపోతే వాడికేం తెలుస్తుంది?" అనేవారు. నేను బడికి వెళ్లింది తక్కువ. నాకు రావాల్సింది నోరు తెరిచి అడగడం మాత్రం ఆ గట్టు మీద నిలబడి నేర్చుకున్నాను.

మోకాళ్లు మొరాయించాక ఆయన కుర్చీలోంచే ఆట చూసేవారు. మైదానంలో జట్టుని పరిగెత్తించింది చేపల మార్కెట్లో వాళ్లమ్మ పక్కన కూర్చుని చేపలమ్మే అమ్మాయి. చిన్నప్పుడు ఆయన దగ్గరే ఆట నేర్చుకుంది. మేమంతా అక్క అంటాం. ఒకరోజు టీ కొట్టు దగ్గర ఆయన, "ఈసారి పేరు నేను చెప్తాను. నా తర్వాత ఆ అమ్మాయే" అన్నారు. బెంచీలకి బెంచీలే నవ్వాయి.

"నవ్వండి. నవ్వాక కారణం చెప్పండి," అన్నారు.

"ఆడపిల్ల కదండీ," అన్నాడొకడు.

"అది కారణం కాదు. ఇంకోటి చెప్పు."

వాడు టీ గ్లాసు తీసుకుని పక్క బెంచీకి జరిగాడు.

పెద్దకర్మ భోజనాల దగ్గర క్లబ్బు ప్రెసిడెంటు గారు పెరుగన్నం కలుపుకుంటూ చల్లగా చెప్పారు, హైదరాబాద్ నుంచి లైసెన్సు ఉన్న కోచ్ వస్తున్నాడని. ప్రెసిడెంటు గారికి మెయిన్ రోడ్డులో బట్టల షాపు ఉంది. జట్టు జెర్సీలన్నీ ఆయన ఇచ్చినవే. కాదనను.

"మరి అక్క సంగతేంటండీ?" అన్నాను.

"ఆ అమ్మాయికి లైసెన్సు ఏదయ్యా?"

"బాబాయి గారికి ఉందాండీ?"

"ఆయన వేరు."

"ఏంటండీ వేరు?"

"నువ్వు ముందు భోంచెయ్యి. చేపలమ్మే పిల్ల కోచ్ అంటే పక్క ఊళ్లోళ్లు నవ్వరూ?"

"నవ్వనివ్వండి. నవ్వాక కారణం చెప్పమనండి."

విస్తరి ముందు నుంచి లేచిపోయాను. నా తర్వాత గోల్‌కీపరు లేచాడు. ఆ తర్వాత ఒక్కొక్కరూ. పెద్దకర్మ భోజనం మధ్యలో లేస్తారా అని మా అమ్మ ఇప్పటికీ తిడుతోంది. తిట్టనీ. ఆ సాయంత్రం టీ కొట్టు దగ్గర మొదటిసారి కోచ్‌ని వదిలేసి, ప్రెసిడెంటుని ఎలా మార్చాలో మాట్లాడుకున్నాం.

ఇది చదువుతున్నవాళ్లకి సూటిగానే చెబుతున్నాను. ఆయన ఫొటోకి దండ వేసి, ఆయన పేరున ఒక కప్పు పెట్టి, ఆయన చెప్పిన ఆ ఒక్క పేరు మాత్రం పక్కన పడేస్తామంటే కుదరదు. మాకు ఆట ఇచ్చారాయన. అందుకు మేము ఇవ్వగలిగింది మాట నిలబెట్టడం ఒక్కటే.

ఆ వారంలోనే ఒక పొద్దున కొత్త కోచ్‌ని కారులో ఎక్కించుకుని ప్రెసిడెంటు గారు మైదానానికి వచ్చారు. అక్క జట్టుని గట్టు మీదకి ఎక్కించి పరుగు మొదలుపెట్టింది. మేమూ వెనక కలిశాం, నేను చెప్పుల్తోనే. కారు వెంటపడింది. గట్టు రోడ్డు సన్నం. ఒక పక్క గోదావరి, ఇంకో పక్క పల్లం. హారన్ కొట్టారు. అక్క తల తిప్పలేదు. మళ్లీ కొట్టారు. ఎవరూ దారి ఇవ్వలేదు. చివరికి హారన్ ఆగింది. కారు మా వేగానికి తగ్గి, మేము లేపిన దుమ్ములో, రేవుదాకా మా వెనకే వచ్చింది.