ఆరూ పదికి పచ్చజెండా

పచ్చజెండా ఊపనిదే ఈ లోకంలో ఏదీ కదలకూడదన్నది నబీ సాబు సిద్ధాంతం. అనుమతి లేకుండా కదిలితే అది ప్రమాదం. అనుమతి వచ్చాక కూడా కదలకపోతే అది ఆలస్యం. రెంటికీ కారణం రాసి సంతకం పెట్టవలసిందే.

ముప్పైమూడేళ్ళు ఆయన డోర్నకల్ జంక్షన్‌లో గూడ్సు గార్డుగా పనిచేశారు. గూడ్సు గార్డు అంటే బండి చివరి పెట్టెలో ఒంటరిగా కూర్చుని, దాటిపోయిన ఊళ్ళను మాత్రమే చూస్తూ ప్రయాణించే మనిషి. పదవీ విరమణ చేసి వరంగల్ శివనగర్‌లోని సొంత ఇంటికి చేరాక, ఎదురుగా వచ్చే ప్రపంచం ఆయనకు మొదటిసారి కనబడింది. అది ఏ సిగ్నలూ లేకుండా ఇష్టం వచ్చినట్టు నడుస్తున్నదని తెలిసి నిర్ఘాంతపోయారు. ఆనాటి నుంచి కుడి జేబులో విజిలు, ఎడమ చంకలో రెండు జెండాలు, చొక్కా జేబులో డైరీ ఆయనను విడిచింది లేదు.

భార్య గౌసియా బేగం కూరగాయలకు బయలుదేరినా సరే, గేటు దగ్గర నిలబడి వీధికి రెండువైపులా చూసేవారు.

"నేను టమాటలకు పోతాన్న. ఢిల్లీకి కాదు," అనేది ఆమె.

"టమాటలకైనా లైన్ క్లియర్ ఉండాలె. ఆగు, పాలబండి పోనీ."

పాలబండి పోయేది. విజిలు మోగేది. పచ్చజెండా ఊగేది. గౌసియా బేగం సంచీ పట్టుకుని, ముఖం పక్కకు తిప్పుకుని బయలుదేరేది.

వెనుక వీధి రాయమల్లు కూతురి అప్పగింతలనాడు నబీ సాబు పెళ్ళికారునే ఆపివేశారు. కారుకు అడ్డంగా ఎర్రజెండా పట్టుకుని నిలబడితే ఎవరు కదలగలరు?

"నబీ భాయ్, టైమ్ దాటిపోతాంది! ఏందిది?" అని రాయమల్లు మొత్తుకున్నాడు.

"ఎనుక డోరు సక్కగ పడలే. టైమ్ నీది, సేఫ్టీ నాది."

తలుపు నిజంగానే సరిగా పడలేదు. దాన్ని మళ్ళీ మూసి, విజిలు వేయించుకుని గాని ఆ కారు కదలలేదు. అంతవరకు వెక్కి వెక్కి ఏడుస్తున్న పెళ్ళికూతురు నవ్వుతూ అత్తవారింటికి వెళ్ళిందని ఆ వీధివారు నేటికీ చెప్పుకుంటారు.

ఈ మహానుభావుడి పక్కింట్లో అద్దెకుండే సుభాషిణి జాకెట్లు కుడుతుంది. ఒంటరి మనిషి. ఒకనాటి వానలో తడిసి వచ్చి కుట్టుమిషను కింద దూరిన కుక్కపిల్లను ఆమె వెళ్ళగొట్టలేకపోయింది. అది అక్కడే పెరిగి గోధుమరంగు కుక్క అయింది. పేరు పండు. మిషను ఆడుతున్నంతసేపు దాని చప్పుడుకు నిద్రపోయేది. మిషను ఆగితే లేచి, ఏమైందన్నట్టు ఆమె ముఖంలోకి చూసేది. రోజంతా సుభాషిణి మాట్లాడే మాటల్లో సగం కొలతలు, మిగతా సగం పండుతోనే.

ఇలా ఉండగా నబీ సాబు కోళ్ళను పెంచడం మొదలుపెట్టారు. కాదు, కోళ్ళను నడపడం మొదలుపెట్టారు.

ఆయన పెరట్లో నాలుగు పెట్టలు, ఒక పుంజు. గింజ గింజకూ ఆగే పెట్ట ప్యాసింజరు. ఎక్కడా ఆగకుండా పరుగెత్తేది ఎక్స్‌ప్రెస్సు. రెండడుగులు ముందుకు, రెండడుగులు వెనక్కు నడిచేది పుష్‌పుల్. నల్లగా, బరువుగా, అందరికన్నా ఆఖరున వచ్చేది గూడ్సు. పుంజు పేరు డ్రైవర్ సాబ్. పొద్దున సరిగ్గా ఆరూ పదికి గూడు తలుపు తీసి, నబీ సాబు విజిలు వేసి పచ్చజెండా ఊపేవారు. డ్రైవర్ సాబ్ కూత వేస్తేనే కోళ్ళు బయటికి రావాలి. పుంజు కూయకపోతే జెండా దించి, మళ్ళీ మొదటినుంచి. ఆ విజిలుకు వీధివారు గడియారాలు సరిచేసుకునేవారు. డైరీలో ఆయన సమయం రాస్తే అది రాతి మీద చెక్కినట్టే.

నెల తిరిగేసరికి ఆ విజిలు అర్థం మరొకరికి కూడా తెలిసిపోయింది. విజిలు మోగితే కోళ్ళు బయటికి వస్తాయని పండు గ్రహించింది. ఒకనాడు గోడ దూకి ప్యాసింజరును నోట కరచుకుపోయింది. గింజ దగ్గర ఆగడమే దాని కొంప ముంచింది.

సుభాషిణి ఇంటి యజమాని వీరభద్రానికి కుక్కలంటే మొదటినుంచీ గిట్టదు. వార్త విన్న మధ్యాహ్నమే వచ్చాడు.

"సూడు సుభాషిణీ, ఇది మొదటిసారని ఊకుంటాన్న. ఇంకొక్క కోడి మీద పన్ను పడ్డదో, కుక్కను రఘునాథపల్లిల మా బాయికాడికి తోలుడే. గక్కడ మోటరుకు కావలుంటది."

"పేరుకే పండు గని, మిషను సప్పుడు లేంది పండదు, కన్ను ముయ్యది సారూ! బాయికాడ ఒక్కతీరుగ బెంగటిల్లుతది."

"మోటరు గూడ సప్పుడు జేస్తది," అని వీరభద్రం వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం ఆమె ధైర్యం చేసి గోడ దగ్గరికి వెళ్ళింది.

"చిచ్చా, ఒక్క మాట. మీరు జర ఆ విజిల్ ఊదకుంటె, మా పండుకు కోళ్ళు ఎప్పుడొచ్చేది తెల్వనే తెల్వదు."

నబీ సాబు ఆమెను చాలాసేపు చూశారు. ఆ చూపులో కోపం లేదు. రూలు తెలియని మనిషి మీద జాలి ఉంది.

"బిడ్డా, విజిల్ లేకుంట బండి ఇడుస్తరా? రేపు ఏదన్న అయితె జవాబు ఎవరు చెప్పాలె?"

"అయ్యేదే విజిల్‌తోని అయితాంది గద చిచ్చా!"

"అది కుక్క తప్పు. విజిల్ తప్పు కాదు. ఫికర్ జెయ్యకు, బందోబస్తు నేను జేస్త."

మొదటి బందోబస్తు ఎర్రజెండా. పండు గోడ మీద కనబడగానే ఆయన దానికి ఎదురుగా వెళ్ళి ఎర్రజెండా చాపి, "ఆగు!" అన్నారు. ముప్పైమూడేళ్ళలో ఎర్రజెండా చూసి ఆగని బండిని ఆయన ఎరుగరు. పండు ఆగలేదు సరికదా, జెండానే నోట కరచుకుని సుభాషిణి ఇంట్లోకి పరుగెత్తింది. మర్నాడు ఆ జెండా ఉతకబడి, అంచు మడిచి కుట్టబడి, ఇస్త్రీ చేయబడి గోడ మీదుగా తిరిగి వచ్చింది. ఆ నెలలో అలా మూడుసార్లు జరిగింది. మూడోసారి సుభాషిణి అంచుకు రెండు వరసల కుట్టు వేసింది.

"రైల్వేల గూడ ఇంత మంచి జెండా ఇయ్యలే," అని ఆయన మెచ్చుకున్నారు.

రెండో బందోబస్తు గేటు. పండు దూకి వచ్చే, గోడ కూలిన చోట వెదురుబొంగు ఒకటి అడ్డంగా కట్టి, తాడుతో ఎత్తడానికి, దించడానికి ఏర్పాటు చేశారు. గేటు పడగానే పండు దాని కిందినుంచి దూరి వచ్చింది.

గౌసియా బేగం వంటింటి గుమ్మంలో నిలబడి చూసింది. "గేటు పడ్డంక కిందికెల్లి దూరుడు మనుషులే చేస్తాన్రు. అది ఎక్కడ నేర్సుకున్నదంటవ్? మనల జూసే."

చివరికి ఒప్పందం కుదిరింది. గార్డులకూ రైళ్ళకూ తెలిసిన పద్ధతే: బ్లాకు. అంటే ఫలానా సమయం నుంచి ఫలానా సమయం వరకు పట్టాల మీదికి ఏదీ రాకూడదు. పొద్దున ఆరూ ఐదు నుంచి ఏడు వరకు పండుకు బ్లాకు. ఆ సమయంలో అది కిటికీ ఊచకు కట్టి ఉండాలి. ఏడింటికి కోళ్ళను గూట్లోకి మళ్ళించి నబీ సాబు విజిలు రెండుసార్లు వేస్తే విడిచిపెట్టవచ్చు. ఆయన ఒక అట్ట మీద ఎర్రసిరాతో టైంటేబులు రాసి, స్వయంగా వచ్చి సుభాషిణి మిషను పైన మేకు కొట్టి తగిలించారు.

మూడు నెలలు బళ్ళు సక్రమంగా నడిచాయి.

మాఘమాసం పెళ్ళిళ్ళ వారంలో సుభాషిణికి పదకొండు జాకెట్లు మీద పడ్డాయి. ఒకనాటి ఉదయం విజిలు విని ఆమె ఉలిక్కిపడి లేచింది. ఫోను చూసుకుంది. ఆరూ పది. మిషను కిందికి చూసింది. అక్కడ పండు లేదు.

ఆమె పెరట్లోకి పరుగెత్తేసరికి అంతా అయిపోయింది. నోటినిండా నల్లటి ఈకలతో పండు గోడ దిగుతున్నది. అవతల గూడ్సు అరుస్తూ పరుగెత్తుతున్నది. ప్రాణానికి ఏమీ కాలేదు గాని, తోక మొత్తం పోయింది.

"బ్రేక్‌వ్యాను ఊడింది!" అన్న నబీ సాబు కేక వీధి చివరివరకు వినబడింది. గూడ్సు బండికి బ్రేక్‌వ్యానే ఆఖరి పెట్టె. గార్డు కూర్చునేది అందులోనే.

అదృష్టం బాగులేకపోతే ఇలాగే ఉంటుంది: నీళ్ళమోటరు బాగుచేయించడానికి వీరభద్రం ఆ రోజే పెందలాడే వచ్చాడు. గేటు తీయగానే అతనికి ఎదురుపడింది పండు. దాని మూతికి ఒక ఈక ఇంకా అంటుకునే ఉంది.

ఏడూ ఇరవైకి నబీ సాబు వాకిట్లో పంచాయతీ మొదలైంది.

"కట్టేసినవా, లేదా?" అని వీరభద్రం సుభాషిణిని అడిగాడు.

ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పండు మెడ మీద చేయి వేసి నిలబడింది. పండు మాత్రం ఇదంతా తనకు జరుగుతున్న సన్మానం అనుకుని తోక ఊపుతున్నది.

"నబీ భాయ్, మీ డైరీ తియ్యున్రి. టైమ్ ఏమున్నదో సదువున్రి. ఆరూ అయిదు దాటితె కుక్క కట్టేసి ఉండాలె గద, ఒప్పందం అదే గద? ఇంక మాటలెందుకు, బండి మాట్లాడి రఘునాథపల్లికి పంపిస్త."

డైరీ పేరు వినగానే సుభాషిణి పండు మెడను రెండు చేతులా పట్టుకుంది. ఆ పుస్తకంలో సొంత భార్య టమాటలకు రెండు నిమిషాలు ఆలస్యంగా బయలుదేరినా రాసిపెట్టే మనిషి, కుక్కకోసం మినహాయిస్తాడా?

నబీ సాబు కళ్ళద్దాలు పెట్టుకున్నారు. డైరీ తెరిచి, గట్టిగా, ఒక్కొక్క మాటే చదివారు.

"గూడు తెరవబడినది. విజిలు ఊదబడినది. పచ్చజెండా చూపబడినది. సమయం..."

ఆగారు. అద్దాలు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. సుభాషిణి వైపు ఒక్కసారి చూశారు.

"ఆరు గంటల నాలుగు నిమిషాలు."

గౌసియా బేగం చేతిలోని చాయ్ సాసరులోకి ఒలికింది.

"ఆరూ నాలుగా?" అన్నాడు వీరభద్రం. "గడియారం గిట్ల ఖరాబైందా ఏంది?"

"గడియారానికి ఏం గాలే. తప్పు గార్డుది. టైముకు ముందే ఇడిసిండు. లేటుగ ఇడిస్తె తప్పు. ముందుగ ఇడిస్తె నేరం. బ్లాకు షురూ కానప్పుడు లైన్ మీద కుక్క ఉంటె, కుక్క మీద కేసు ఎట్ల పెడుతవ్ వీరభద్రం? మా రూల్ల లేదు."

"అయితె ఇప్పుడేమంటరు?"

"పనిష్మెంటు గార్డుకే. మూడు రోజులు సస్పెండ్."

అక్కడికక్కడే డైరీలో ఏదో రాసుకుని, విజిలు, జెండాలతోపాటు దాన్ని కూడా గౌసియా బేగం చేతిలో పెట్టి, ఆయన అరుగు మీద వీధికి వీపు తిప్పి కూర్చున్నారు. శివనగర్‌లో ఆయన చెప్పిన సమయాన్ని కాదన్నవాడు ఇంతవరకు లేడు. వీరభద్రం తల గోక్కున్నాడు, కుక్క వైపు చూశాడు, కోడి వైపు చూశాడు, మోటరు సంగతి మరచిపోయి వెళ్ళిపోయాడు.

ఆ మూడు రోజులూ గౌసియా బేగమే కోళ్ళను వదిలింది. చాయ్ తాగాక, తీరిక దొరికినప్పుడు, "పోండే" అని గూడు తీసింది. విజిలు లేదు, జెండా లేదు. పండు మిషను కిందినుంచి చెవి కూడా ఎత్తలేదు. ఈ సంగతి పండుతో సహా మూడు ప్రాణులకు స్పష్టంగా తెలిసింది. ముగ్గురూ ఆయనతో అనలేదు.

రెండోనాడు ఆయన జుమ్మా నమాజుకు వెళ్ళినప్పుడు గౌసియా బేగం గోడ దగ్గరికి వచ్చి డైరీ చాపింది.

"సదువు బిడ్డా. పెండ్లయి నలభై ఏండ్లాయె, నాతోని ఒక్క అబద్ధం ఆడలే. ఈ చీర మంచిగున్నదా అనడిగితె గూడ నిజమే చెప్పిండు. మొన్న నాకు భయమైంది, మనిషికి ఏమన్న అయ్యిందా, దవాఖానకు తీస్కపోవాల్నా అని. ఇగ చూడు, ఏం రాసుకున్నడో."

సుభాషిణి ఆ పేజీ తీసింది. ఆ డైరీ నిండా వాక్యాలన్నీ కర్మణి ప్రయోగాలే. అన్నీ చేయబడతాయి, చేసినవాడు ఎక్కడా కనబడడు. ఆ రోజు సమయం దగ్గర ఎర్రసిరాతో "6.10" అని స్పష్టంగా ఉంది. ఎక్కడా కొట్టివేత లేదు, దిద్దుబాటు లేదు. ఆయన చదివింది వేరు, రాసింది వేరు. దాని కిందనే మరొక పద్దు ఉంది. మొత్తం డైరీలో కర్త ఉన్న వాక్యం అదొక్కటే.

"7.25. గార్డు ఒక అబద్ధం ఆడినాడు. ఆరు నిమిషాలది. కారణం: పక్కింటి బిడ్డ కళ్ళనీళ్ళు. ఆలస్యం: లేదు."

కింద సంతకం ఉంది.