మిషన్ పెట్టిన బొచ్చు

లిబుషె ముప్ఫై ఏళ్లు బడి వంటశాలలో సూపు కాచింది. ఆ సూపు ఎవరికీ గుర్తు లేదు. చెక్ దేశంలో మొరావియా కొండల్లోని ఆ ఊరికి గుర్తున్నవి ఆమె వేళ్లే. చుట్టుపక్కల వేటగాళ్ల కుక్కలు, ఆ గరుకు బొచ్చు పొట్టికాళ్ల డాష్‌హండ్‌లన్నీ, ఏడాదికి రెండుసార్లు ఆమె వంటింటి బల్ల ఎక్కాల్సిందే. వేళ్లకు సుద్దపొడి రాసుకుని, ముదిరిన వెంట్రుకలను రెండేసి మూడేసిగా పట్టి, అవి పెరిగిన వైపుకే లాగి పీకేది. నొప్పి తెలియక కుక్కలు కునుకు తీసేవి. "వీటికి మిషన్ పెట్టేవాడు కుక్కను కాదు, గొర్రెను పెంచుకోవాలి" అనేది. మిషన్‌తో కత్తిరిస్తే వేరు లోపలే ఉండిపోతుంది. తర్వాత వచ్చే బొచ్చు మెత్తబడి, వానకు నాని, ముళ్లకు చిక్కుకుంటుంది. ఇది ఆ ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు. ఆమె మొగుడు బొహూష్‌కి తెలియదా? ఆ మాట వింటూనే ముసలివాడయ్యాడు.

రెండేళ్లుగా లిబుషెకు మతిమరుపు. మొదట పొయ్యి మీద పాలు మరిచిపోయింది, తర్వాత వీధి, తర్వాత చెల్లెలి పేరు, చివరికి బొహూష్‌ని. పొద్దున్నే కాఫీ ఇస్తే, ఎవరో పరాయివాడికి చెప్పినట్టు మర్యాదగా థాంక్స్ చెప్పేది.

కానీ వాళ్ల ముసలి కుక్క బ్రోక్‌ని బల్ల మీద నిలబెట్టి, ఆమె వేళ్లకు సుద్ద రాస్తే చాలు. చేతులు పని మొదలుపెట్టేవి. చేతుల వెనకే మనిషి వచ్చేది.

"బొహూష్, వెలుతురుకు అడ్డం లే. గోడలా నిలబడతావేం?"

"లేచాలేవే."

"గసగసాల బన్నులు తెచ్చావా? మళ్ళీ నువ్వే మింగేశావా?"

"ఒక్కటే తిన్నా."

"నీ ఒక్కటి సంగతి నాకు తెలీదూ!"

అరగంట ఉండేది ఆ భాగ్యం. తర్వాత మళ్ళీ కొత్తమనిషే. ఒకసారి పీకిన చోట బొచ్చు ముదరడానికి నెలలు పడుతుంది కాబట్టి బొహూష్ పిసినారి అయ్యాడు. ఆదివారానికి అరచేతంత చోటే. ఒక వారం భుజం, ఒక వారం తొడ. పెళ్ళాన్ని అలా కొద్దికొద్దిగా తెచ్చుకుంటున్నాడు.

దాంతో బ్రోక్ చిమ్మటలు తిన్న కంబళిలా తయారయ్యాడు. పక్కింటి వేటగాడు వెండెలీన్ ఊరుకుంటాడా? "ఏరా బొహూష్, కుక్కని ఎలుకలకి అద్దెకిచ్చావా?" అన్నాడు. ఆ మాటలు అతను దులిపేసుకున్నాడు. దులుపుకోలేనిది లిబుషె ఏడుపు. కుక్క కంటపడ్డప్పుడల్లా కూలబడేది.

"ఎవరు చేశారీ పాడుపని? పని రాని చేతులు! దీన్ని ఎవరికప్పగించారు?"

అది ఆమె చేతిపనే అని చెప్పడమెలా? రోజుకు నాలుగుసార్లు ఏడిస్తే ఎవరు తట్టుకుంటారు? ఓ బుధవారం మధ్యాహ్నం ఆమె పడుకున్నాక, తన తల గొరుక్కునే మిషన్ తీశాడు. బొచ్చే కదా, పెరగకపోతుందా అనుకున్నాడు. మూర్ఖుడు. తెలిసి తెలిసి చేసినవాణ్ణి ఇంకేమనాలి? పది నిమిషాల్లో కుక్క నున్నగా, సమంగా అయింది. లిబుషె లేచి చూసి ఏడవలేదు. గెలిచాననుకున్నాడు.

ఎండాకాలమంతా ఎదురుచూశాడు. రోజూ బ్రోక్ వీపు నిమిరి చూసేవాడు. ఆకులు రాలే నాటికి బొచ్చు వచ్చింది, బూడిదరంగులో, మెత్తగా, ఉన్నిలా. వేలికి గరుగ్గా తగిలే వెంట్రుక ఒక్కటీ లేదు. అయినా ఆదివారం భోజనాలయ్యాక కుక్కని బల్ల ఎక్కించి, ఆమె వేళ్లకు సుద్ద రాసి, పక్కన నిలబడ్డాడు.

ఆమె చిటికెడు పట్టి లాగింది. జారిపోయింది. ఇంకోచోట లాగింది. ఇంకా గట్టిగా లాగింది. ఆమె చేతికింద ఎన్నడూ కిక్కురుమనని కుక్క కుయ్యిమంది. లిబుషె చెయ్యి వెనక్కి తీసుకుంది.

"దీనికి ఎవరో మిషన్ పెట్టారు," అంది.

"నేనేనే, లిబుషె. నువ్వు ఏడుస్తుంటే చూడలేక..."

ఆమె అతన్ని ఎగాదిగా చూసింది. "మీరా? మీకేం హక్కుంది? మా ఆయన్ని రానివ్వండి, చెప్తాను."

"ఏమంటాడు మీ ఆయన?" ఆ మాట అతని నోట్లోంచి దానంతటదే వచ్చింది.

"ఆయనకి ఈ బొచ్చు సంగతి తెలుసు. ఎన్నేళ్లు నా పక్కన నిలబడి చూశాడు! చచ్చినా ఇలాంటి పని చెయ్యడు." అతని మొహం చూసి జాలేసిందో ఏమో, గొంతు తగ్గించింది. "ఆయన వచ్చేలోగా వెళ్ళిపోండి. కోపిష్టి మనిషి."

బొహూష్ టోపీ తీసుకుని బయటికొచ్చి మెట్ల మీద నిలబడ్డాడు. మళ్ళీ లోపలికి ఎవరిగా వెళ్ళాలో అతనికి తెలియలేదు.