నాలుగు నిమ్మకాయలంత చింతపండు

మా మామగారి చేత ఒక్కసారైనా 'అల్లుడా' అని పిలిపించుకోవాలని నేను చేపల పులుసు వండాను. ఆ పులుసు ఆయన నోట అసలు మాటే రాకుండా చేసింది. ఆ ఘోరం ఎలా జరిగిందో ఇప్పుడు చెప్పబోతున్నాను. పళ్లు జివ్వుమనే స్వభావం ఉన్నవాళ్లు పక్కన మంచినీళ్లు పెట్టుకుని చదవండి.

నేను నెల్లూరులో ఒక డిగ్రీ కాలేజీలో సంఖ్యాశాస్త్రం చెబుతాను. నాలుగు అంకెలు కనబడితే సగటు తీయకుండా ఉండలేను. మేం అద్దెకు దిగిన ఇంటి మెట్ల ఎత్తులకు కూడా సగటు తీసినవాణ్ణి. అదే కాలేజీలో తెలుగు చెప్పే జ్యోతి, ఇదంతా చూసి కూడా నన్ను పెళ్లి చేసుకుంది. వాళ్ల నాన్న పెంచలయ్యగారికి చెప్పే చేసుకున్నాం కానీ, ఆయన ఒప్పుకుంటే చేసుకోలేదు.

ఆయన గూడూరులో నిమ్మకాయల వ్యాపారి. పెళ్లికి వచ్చారు, అక్షింతలు వేశారు, అన్నం ముట్టకుండా వెళ్లిపోయారు. తర్వాత ఎనిమిది నెలలు నాతో మాట్లాడాల్సిందంతా జ్యోతితోనే మాట్లాడేవారు. నేను పక్కనే ఉన్నానని తెలిసి కూడా ఫోన్లో, "మీ సారుకి జ్వరం తగ్గిందా అమ్మా?" అని అడిగేవారు. జ్యోతి పైకి నవ్వేది కానీ, ఫోన్ పెట్టేశాక వంటింట్లోకి వెళ్లి కళ్లు తుడుచుకునేది. అది చూడలేకపోయేవాణ్ణి.

ఒక వేసవిలో ఆయన కూతురికని ఓ సంచీడు నిమ్మకాయలు పంపించారు. ఆ వారమే జ్యోతి పరుగున వచ్చి చెప్పింది.

"ఆదివారం నాయన భోజనానికి వస్తాడంట! మీ అమ్మ చేతి చేపల పులుసు గురించి నువ్వు చెప్పే గొప్పలన్నీ చెప్పినా. సరే, తింటానన్నాడు."

"అమ్మ ఎట్లా వస్తుంది? వాళ్ల పక్కింట్లో పెళ్లి కదా."

"మరెట్టా?"

"నేను వండుతాను" అన్నాను. అంతవరకూ నేను వండినవి టీ, గుడ్డు అట్టు. రెండింటికీ సాక్షులు లేరు.

వాకాడు దగ్గర మా ఊళ్లో ఉన్న అమ్మకి ఫోన్ చేశాను.

"అమ్మా, రెండు కిలోల వంజరం చేపకి చింతపండు ఎంత?"

"నాలుగు నిమ్మకాయలంత తీసుకో అబ్బయ్యా."

"నిమ్మకాయంత అంటే ఎంత?"

"నిమ్మకాయంతరా."

"గ్రాముల్లో చెప్పు."

"గ్రాములేంది? నేనేమన్నా కొట్టు పెట్టుకోనుండానా? నానబెట్టి, పిసికి, రసం కొంచెం కొంచెంగా పోసుకుంటా రుచి చూసుకో. నాలుగు మామిడికాయ ముక్కలు గూడా ఎయ్."

రుచి చూసుకో అన్న మాట నాకు వినబడింది. కానీ నా లెక్కల పుస్తకంలో రాసుకోలేదు. అందులో అంకె లేదు కదా!

ఇక చూడండి నా ప్రతాపం. మామగారు పంపిన సంచీలోంచి కళ్లు మూసుకుని పది కాయలు తీశాను. కళ్లెందుకు మూసుకున్నానంటే, నచ్చిన కాయ ఏరుకుంటే లెక్క చెడుతుంది. ఒక్కొక్కటీ వంటింటి తక్కెడ మీద పెట్టి బరువు రాశాను: 58, 60, 61, 59, 62, 60, 61, 60, 59, 60. మొత్తం ఆరు వందలు. పదితో భాగిస్తే సగటు సరిగ్గా అరవై గ్రాములు. చిన్నదాని నుంచి పెద్దదాకా వరసగా పేర్చి నడిమి బరువు చూస్తే, అదీ అరవై. ఎక్కువసార్లు వచ్చిన బరువేదని చూస్తే, అదీ అరవయ్యే! మా ఇంట్లో ఏ విషయం మీదా ముగ్గురు ఇంత చక్కగా ఒక మాట మీద నిలబడింది లేదు.

అంతటితో ఆగానా? సగటు ఒక్కటే చూసి మోసపోకూడదని ఏటా పిల్లలకు గొంతు చించుకుని చెప్పేవాణ్ణి. అంకెలు సగటుకు ఎంత దూరం చెదిరాయో కూడా చూడాలి. చూశాను. అతి పెద్ద కాయకీ అతి చిన్న కాయకీ తేడా నాలుగు గ్రాములు. ప్రామాణిక విచలనం ఒకటికి కాస్త పైన. సంతోషంతో వంటింట్లోనే చప్పట్లు కొట్టుకున్నాను.

"ఇంత దగ్గర దగ్గరగా ఉన్నాయంటే నిమ్మకాయ అంటే అరవై గ్రాములే. నాలుగు అరవైలు రెండు వందల నలభై" అన్నాను.

"పావుకిలో చింతపండా!" జ్యోతి నోరు తెరిచింది.

"పది గ్రాములు తక్కువ" అని సరిదిద్దాను.

పులుసు మర్నాటికి బాగుంటుందని శనివారం సాయంత్రమే వండేశాను. జ్యోతి గరిటె కొసన చుక్క తీసి నాలిక్కి అంటించుకుంది. ఆమె భుజాలు రెండూ చెవుల దాకా లేచాయి.

"ఏంది ఇంత పులుపు?"

"పులుసు పుల్లగా ఉండక తియ్యగా ఉంటుందా? రేపటికి సర్దుకుంటుంది."

"నువ్వు రుచి చూసినావా?"

"రుచి ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది. గ్రాము అందరికీ ఒకటే" అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే నన్ను నేనే ఆ కుండలో ముంచాలనిపిస్తుంది.

ఆదివారం పెంచలయ్యగారు వచ్చారు. కాళ్లు కడుక్కుని కూర్చున్నారు. జ్యోతి ముక్కలు వేసి పులుసు పోసింది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నారు. ఆయన ఒక కన్ను మూసుకుంది. కాసేపటికి రెండోదీ మూసుకుంది. చెంబెడు నీళ్లు తాగి, అలాగే కూర్చున్నారు. ఎనిమిది నెలల తర్వాత తండ్రి మా ఇంట్లో పెట్టుకున్న మొదటి ముద్ద. జ్యోతి కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఎట్టకేలకు ఆయన గొంతు పెగిలింది. "మీ సారు దీంట్లో ఏం పోసినాడమ్మా?"

నేను పరుగున వెళ్లి లెక్కల పుస్తకం తెచ్చాను. నేరస్థుడు తన వేలిముద్రలు తానే పట్టుకొచ్చి ఇవ్వడం మీరెక్కడైనా చూశారా? ఆయన ఎడమచేత్తో పుస్తకం పట్టుకుని ఆ పది అంకెలూ చదివారు. తలెత్తి, మొట్టమొదటిసారి సూటిగా నన్నే అడిగారు.

"ఈ కాయలు యాడివి?"

"మీరు పంపించినవే మామయ్యా. తేడా ఎంత తక్కువుందో చూశారా? తప్పు రావడానికి వీల్లేదు."

"తేడా ఎట్టా వస్తాదయ్యా? నా కూతురికని రెండు బస్తాలు కింద పోయించి, ఒక్క సైజు కాయలు నేనే కూర్చొని ఏరి పంపిస్తిని! ఇంతకీ మీ అమ్మ ఏ చెట్టు కాయ చెప్పింది?"

అమ్మకి ఫోన్ కలిపాను, అందరికీ వినబడేలా పెట్టి.

"ఏ చెట్టేందిరా, మన దొడ్లో చెట్టే! ఇసక నేల గదా, గోలీకాయ కంటే రవంత పెద్దది కాస్తాది. నాలుగు కలిపినా నీ పిడికిట్లో పడతాయి. ఏం, ఎంత పోసినావు?"

నేను పుస్తకం వైపు చూశాను. పెంచలయ్యగారు చెప్పారు. ఫోన్లో కాసేపు పెళ్లి మేళం ఒక్కటే వినబడింది.

"చెల్లెమ్మా, ఇంత చదివించినావే, బిడ్డకి చింతపండు పిసకడం నేర్పించలేదా?"

"నేర్పించినా అన్నా. వాడు చూడ్డు, రాసుకుంటాడు."

పెంచలయ్యగారు నవ్వారు. కండువా నోటికి అడ్డం పెట్టుకుని, ఆగి, మళ్లీ పుస్తకం చూసి మళ్లీ నవ్వారు. జ్యోతి కూడా నవ్వేసింది. తర్వాత ఆయన చెయ్యి కడుక్కుని నేరుగా వంటింట్లోకి నడిచారు. సగం పులుసు వంపేసి, మామిడికాయ ముక్కలు ఏరి పారేసి, పొయ్యి వెలిగించారు.

"నాలుగు ఉల్లిపాయలు కొయ్యి అల్లుడా. తూకం వేయబాక, ఊరికే కొయ్యి."

ఆ పిలుపు విన్నాక నా కన్నీళ్లు ఆగలేదు. ఉల్లిపాయలు కోస్తున్నాను కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. ఆ పులుసుతో ఆయన రెండుసార్లు అన్నం పెట్టించుకున్నారు.

మరుసటి వారం ఇంకో సంచీ వచ్చింది. గోలీకాయలంతవీ, బంతులంతవీ అన్నీ కలిసిపోయి ఉన్నాయి. వెనకే ఫోన్. "ఈసారి ఏరలేదు అల్లుడా. పులుసుకి చిన్నవి చూసుకో. సగటు తీయబాక."

కనుక ఆ సంచీ మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేశాను: నాలుక చేయాల్సిన పని ఈ జన్మలో తక్కెడకు అప్పగించను, నిమ్మకాయలకు సగటు తీయను. ఆ మాట మీదే ఉన్నాను. అతి చిన్నదీ, అతి పెద్దదీ మాత్రం జ్యోతి చూడకుండా తూచాను. తేడా నలభై ఒక్క గ్రాములు. సగటు తీయలేదు. ప్రమాణం ప్రమాణమే.