వదిన ఆపిన మిషన్

మా వదిన ప్రెస్సులో ఫోర్‌మన్. పుస్తకాలు అచ్చేసే హాల్లో ఆవిడ మాటే మాట. మా అన్నయ్య అదే హాల్లో మిషన్ నడుపుతాడు. నేను పక్కనే బైండింగులో.

ఆ హాల్లో ఒక పరువు గొడవ ఉండేది. షిఫ్ట్ దిగేవాడు తర్వాతివాడికి మిషన్‌ని అద్దంలా తుడిచి అప్పగించాలి. సిరా మరక కనబడిందో, క్యాంటీన్లో వాణ్ణి ఉతికి ఆరేస్తారు. పోనీ ఆపి తుడుద్దామంటే పని తగ్గిందని ఆఫీసువాళ్ళ గోల. అందుకని తిరుగుతున్న రోలరు మీదే గుడ్డ పెట్టేవాళ్ళు. ఒకరోజు రోలర్లు ఆ గుడ్డని లాక్కున్నాయి. దాంతోపాటు అన్నయ్య కుడిచేతి వేళ్ళు రెండు పోయాయి.

ఓనరుగారు ఆస్పత్రికి పళ్ళు పట్టుకొచ్చి, "పాపం, అజాగ్రత్త" అని నిట్టూర్చి, చెయ్యి మానినా ఇక పనిలోకి రానక్కర్లేదని చెప్పి వెళ్ళారు. నాకు ఒళ్ళు మండిపోయింది. అచ్చుపని తప్ప ఇంకోటి తెలియని అన్నయ్య గోడవైపు తిరిగి పడుకున్నాడు.

వదిన ఏడవలేదు. అంతకుముందు దెబ్బలు తగిలినవాళ్ళందరినీ క్యాంటీన్లో కూర్చోబెట్టి అడిగింది. వాళ్ళలో కొత్తవాళ్ళెవరూ లేరు. అందరూ ఆరితేరినవాళ్ళే, అందరికీ షిఫ్ట్ మారే వేళే, చేతిలో గుడ్డతోనే. అక్కణ్ణుంచి నేరుగా ఓనరుగారి గదికెళ్ళింది. నేనూ వెంట వెళ్ళాను.

"ఇంతమందికి ఒకే వేళ, ఒకే చోట అజాగ్రత్త వస్తుందాండీ? మిషన్ ఆపొద్దన్నది మనం. తళతళలాడాలన్నదీ మనమే. తప్పు మీదీ నాదీను. ఇకమీదట ఆపాకే గుడ్డ పడతారు. దిగేవాడూ ఎక్కేవాడూ కలిసి తుడుస్తారు."

"మరి నష్టం ఎవరు భరిస్తారమ్మా?"

"ఒక్క నెల చూడండి. పని తగ్గితే నన్నూ పంపించెయ్యండి. తగ్గకపోతే మావారిని తీసుకోవాలి."

ఓనరుగారు సరేనన్నారు. ఆ ఇంటికి మిగిలిన ఒక్క జీతాన్నీ పందెం కాసింది మహాతల్లి!

నెలాఖర్లో పెద్ద ఆర్డరొచ్చింది. సరిగ్గా షిఫ్ట్ మారేటప్పుడు ఓనరుగారే హాల్లోకొచ్చి, "ఈ ఒక్కపూటకీ ఆపకండి!" అని కేకేశారు. వదిన వెళ్ళి బటన్ నొక్కేసింది.

"మిషన్ నాదమ్మా!"

"మీదేనండీ. చేతులు మాత్రం వాళ్ళవి."

ఎవరూ మళ్ళీ ఆన్ చెయ్యలేదు. ఇద్దరిద్దరు చొప్పున తుడిచి, అప్పుడు నడిపారు. నెలంతా ఆపి తుడవడంతో రోలర్లు శుభ్రంగా ఉండి, మరకలు పడి పారేసే కాగితాలు బాగా తగ్గాయి. ఆర్డరు గడువుకి ముందే లారీ ఎక్కింది. ఆ సాయంత్రమే అన్నయ్యకి కబురొచ్చింది.

పనిలోకొచ్చిన రోజు అన్నయ్య కుడిచెయ్యి జేబులోంచి తియ్యలేదు. షిఫ్ట్ గంట మోగింది.

"ఏవండీ, మిషన్ ఆపరేం?" అని అవతలి కొసనుంచి వదిన అరిచింది.

అన్నయ్య చెయ్యి బయటికి తీసి, మిగిలిన వేళ్ళతో బటన్ నొక్కాడు. హాలంతా చప్పట్లు. నేనైతే ఈల వేశాను. వదిన కొంగుతో కళ్ళొత్తుకుంటూనే కసిరింది.

"చాల్లెండి సంబడం! చప్పట్లు కొట్టడానికి అందరికీ చేతులున్నాయిగా, ఇక గుడ్డలు పట్టండి!"