సీసపు అక్షరాల పటం

మా అమ్మకు ఫోటో లేదు. గూడూరులో స్టూడియో లేక కాదు, ఆమెకు తీరిక లేక. "ఈ క్రిస్మస్‌కు తీయించుకుందాంలే" అని ప్రతి ఏడూ అనేది. తీరా ఆ రోజు పొయ్యి దగ్గరనుంచి లేచేది కాదు. అరవైల మొదట్లో, నేను ఎనిమిదో తరగతిలో ఉండగా, జ్వరమొచ్చి పోయింది. సమాధి చేసి వచ్చిన సాయంత్రం చుట్టాల్లో ఒకావిడ గోడలన్నీ కలయజూసి "దండేసేదానికి పటమన్నా ల్యాకపాయనే" అంది. నాయన ఆ మాట విన్నాడు. ఆవిడను నేను ఇప్పటికీ క్షమించలేదు.

నాయన అచ్చాఫీసులో కంపోజిటరు. గళ్ళ పెట్టెలోంచి సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి వరసలు పేర్చడం ఆయన పని. అమ్మ జ్ఞాపకార్థ కూటం కార్డు కూడా ఆయనే పేర్చాడు. మేం చేస్తామని తోటివాళ్ళు ఎంత చెప్పినా వినలేదు. పైన శిలువ, కింద పెద్దక్షరాల్లో అమ్మ పేరు, ఆ కింద "ప్రభువునందు నిద్రించినది" అని, తేదీ.

అచ్చు అయిపోయాక, పేర్చిన అక్షరాల కట్టు విప్పి, ఏ గడిలో అక్షరాన్ని ఆ గడిలో మళ్ళీ వేసేయాలి. లేకపోతే మర్నాటి పనికి అక్షరాలు చాలవు. ఏనాటి పని ఆనాడే విప్పేసే నాయన ఆ ఒక్క కట్టును మాత్రం పురికొసతో బిగించి బల్ల కింద పెట్టుకున్నాడు. పెళ్ళిళ్ళ కాలంలో అక్షరాలు కరువై మిగతా కంపోజిటర్లు నానా తిప్పలు పడ్డారు గాని దాని జోలికి ఒక్కరూ పోలేదు. ఊడ్చేటప్పుడు పక్కకు జరిపి, ఊడ్చి, మళ్ళీ అక్కడే పెట్టేవారట.

కొన్నాళ్ళకు మద్రాసు నుంచి కొత్త అక్షరాలు దిగాయి. అరిగిపోయిన పాతవన్నీ కరిగించడానికి మూటలు కట్టి రైలుకు వేస్తారన్నారు. నాయనకు అన్నం సయించలేదు. ఆ కట్టు నాకివ్వండి అని అడగాలనే రోజూ యజమాని బల్ల దాకా పోయేవాడు, నోరు పెగలక ఉత్తచేతులతో తిరిగొచ్చేవాడు. ఎవరినీ ఏదీ అడగలేని మనిషి. అదేం స్వభావమో అని నాకు ఒళ్ళు మండేది.

చివరికి అడిగింది పటాలాయన. రైల్వేస్టేషన్ దారిలో ఆయనకు పటాలు కట్టే అంగడి ఉండేది. దేవుళ్ళకూ పెళ్ళి ఫోటోలకూ ఫ్రేములు కట్టేది బతుకు కోసం. అచ్చాఫీసు పారేసిన సరుకు తెచ్చి బొమ్మలు చేసేది మాత్రం తన కోసం. సున్నలు పేర్చి చేపకు పొలుసులు పెట్టేవాడు. ఒత్తులతో పులికాటు సరస్సులో అలలు లేపేవాడు. వాల్‌పోస్టర్ల కొయ్య అక్షరాలు పడవలయ్యేవి. వెనక నల్లగుడ్డ మీద కాకిబంగారం అతికేవాడు. అభ్రకం తునకలకు మా ఊళ్ళో కొదవా! పాత అక్షరాల కోసం అచ్చాఫీసుకు పోయినప్పుడు ఆ కట్టు చూసి, సంగతి తెలుసుకుని, "దీన్ని కరిగించబాకండి సామీ, ఆయన పెండ్లాంది" అన్నాడట. యజమాని అప్పటికప్పుడే ఇచ్చేశాడు.

పటాలాయన అక్షరాలు రాలకుండా వెనక బంక పోసి, లోతైన టేకు ఫ్రేములో బిగించి, చుట్టూ కాకిబంగారం అద్ది తెచ్చాడు. తనే మా ముందుగది గోడకు తగిలించాడు. నాయన దాని ముందు చాలాసేపు నిలబడ్డాడు. చిక్కల్లా ఒకటే. అచ్చుకు పేర్చిన అక్షరాలు తిరగబడి ఉంటాయి, కుడినుంచి ఎడమకు చదవాలి. నాయనకు అది అలవాటే, నాకూ ఆయనే నేర్పాడు. మిగతా అందరికీ అది చీమల బారు. ప్రార్థనకొచ్చిన పాస్టరుగారు కళ్ళజోడు సర్దుకుని "అరవమా?" అని అడిగారు. నాకు నవ్వాగలేదు.

పటాలాయనకు మాత్రం తలకొట్టేసినట్టయింది. "ఎవురూ చదవలేకపోతే ఇంక పటమెందుకన్నా?" అని నాయనతో అని, అలాంటి టేకు ఫ్రేముతోనే ఒక అద్దం చేసి తెచ్చి ఎదురు గోడకు కొట్టాడు. అద్దంలో అక్షరాలన్నీ తిన్నగా నిలబడ్డాయి. ఇరుగుపొరుగు వచ్చి చదివి పోయారు.

నేను పదో తరగతికి వచ్చాను. అమ్మ చీర చింపి కుట్టిన ఓణీ వేసుకుని, ఒకరోజు పొద్దున ఆ అద్దం ముందు జడ వేసుకుంటున్నాను. పెరట్లోంచి వచ్చిన నాయన నా వెనకే ఆగిపోయాడు. ఆయన నన్ను చూడటం లేదు, అద్దాన్ని చూస్తున్నాడు. అందులో నా మొహం, దాన్ని ఆనుకుని అమ్మ పేరు.

"వచ్చినావా" అన్నాడు.

ఆ గొంతు నేను అమ్మ ఉన్నప్పుడు విన్నది. ఆ మాట నాతో కాదని నాకు అర్థమైంది. జడ సగంలో వదిలేసి, ఫోటో తీసేటప్పుడు నిలబడినట్టు కదలకుండా నిలబడ్డాను. ఎంతసేపైనా అట్లాగే నిలబడి ఉండేదాన్ని. కాని ఆయన చూపు పేరు దాటి కింది వరసకు దిగింది. నిద్రించినది. తేదీ. నాయన మొహం పాలిపోయింది. ఒక్క అంగలో వచ్చి అద్దాన్ని గోడనుంచి ఊడబెరికాడు.

"నీ మొగం ఆడ పెట్టబాకమ్మే. పెట్టబాక."

ఆ రోజే అద్దం తీసుకుపోయి పటాలాయనకు ఇచ్చేశాడు. వెంట నేనూ పోయాను. "ఏందన్నా, ఏమన్నా లోపముందా?" అని ఆయన దిగులుగా అడిగాడు. "అద్దానికేం ల్యా. నా బిడ్డ నాకు బతికుండాల" అన్నాడు నాయన. పటాలాయన అద్దం అందుకుని, దాని మొహం గోడకు తిప్పి పెట్టాడు.

పటం ఆ గోడకే ఉండిపోయింది. ఆ గదిలో మళ్ళీ అద్దం పెట్టలేదు. నేను పెద్దదాన్నయ్యేకొద్దీ నన్ను చూసిన ప్రతివాళ్ళూ మీ అమ్మ పోలికే అనేవాళ్ళు. నాయన ఒక్కడే ఆ మాట ఎప్పుడూ అనలేదు.